ఐదో ఒర

బాపట్ల,
18 డిసెంబరు 1966

అత్తయ్యకు,

ముందు క్షేమ సమాచారం రాసి ఆ తర్వాతే పని సంగతి ఎత్తాలని నువ్వే నేర్పావు. కాబట్టి వినుకో. జలుబు చేసి తగ్గింది. కాలేజీ మెస్సులో సాంబారు మారలేదు. నువ్వు పంపిన సున్నుండలు నేనూ, నా గదిలో ఉండే ఆశీర్వాదమూ కలిసి వారం తిరక్కుండానే అవగొట్టాం. మామయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఇక పని. ఊరూరా కుర్రాళ్ళం పెట్టుకున్న యువజన సంఘాలు నీకు తెలిసినవే. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లో ఉన్నవన్నీ ఇప్పుడు ఒకే సమాఖ్యగా కలిశాయి. నన్ను కార్యదర్శిని చేశారు. ఎవరి ఊరి రోడ్డూ ఎవరి ఊరి లైబ్రరీ వాళ్ళు చూసుకుంటే చాలదు, లోకంలో ఎక్కడ కష్టమున్నా అది మనదే అనుకోవాలని తీర్మానం చేశాం. బీహారు కరువు గురించి పేపర్లో చూస్తూనే ఉన్నావు కదా, వాళ్ళ కోసం బియ్యం పోగుచేస్తున్నాం. మీ ఇంటికి కొత్త ధాన్యం వచ్చే ఉంటుంది గనక నీ పేరు అడక్కుండానే రాసేశాను.

అంతకన్నా పెద్ద పని ఇంకొకటి తలపెట్టాం. నిజాంపట్నం అవతల ఇసకదిబ్బల్లో మొగలితిప్ప అని సముద్రం మీద వేటాడుకునేవాళ్ళ పాలెం ఉంది. అక్కడ నుయ్యి లేదు. ఇసకలో నడుం లోతు గొయ్యి తీస్తే నీళ్ళు ఊరతాయి. దాన్నే దొరువు అంటారు. ఇంటికో దొరువు. ఆడవాళ్ళు అందులోకి దిగి కడవతో ముంచుకుంటారు. పశువులూ అందులోనే, పిల్లలూ అందులోనే. ఏటా వాంతులూ విరేచనాలూ వచ్చి మనుషులు పోతున్నారు. అందుకని గుండ్రటి సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దింపి, పాలెం మొత్తానికి ఒక మంచి బావి కడదామనుకున్నాం.

ఎవరి చోట్లో కట్టాలన్న దగ్గర పని నెల రోజులు ఆగింది. చివరికి సుబ్బమ్మ తన దొరువు ఇచ్చేసింది. పాలెంలో అన్నిటికన్నా తియ్యటి నీళ్ళు ఆమెవే. "నువ్వడిగావు గనక ఇస్తన్నా బాబూ" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కాలు నేల మీద నిలవడం లేదు.

నీ మేనల్లుడు,
ప్రకాశరావు


రేపల్లె,
27 డిసెంబరు 1966

ఒరేయ్ ప్రకాశం,

నీ ఉత్తరం మీ మామయ్య చదివి వినిపించాడు. ఆయన చదివితే సగం మింగేస్తాడని మళ్ళీ నేను చదువుకున్నాను. మోకాలి నొప్పి బాగానే ఉంది. అడిగేవాళ్ళు దొరికినప్పుడల్లా కాస్త ఎక్కువవుతుంది.

బీహారుకి బస్తా బియ్యం కట్టించి పెట్టాను. అడక్కుండా పేరు రాసే మేనల్లుడు ఉండగా అడిగేవాళ్ళతో నాకేం పని. మీ సంఘం కుర్రాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు. వచ్చేవాడిని భోజనం వేళకి రమ్మను.

బావి గురించి ఒక మాట. నడుం లోతు గోతిని నుయ్యి అనుకుని బతికే ఊరు ఉందని నేనిప్పుడే వింటున్నాను. తెనాలి ఇంటి నుయ్యి మీ తాతయ్య తవ్వించినప్పుడు పైన పడిన నీళ్ళు చప్పగా, బురద వాసనతో ఉన్నాయి. చాలనుకుని ఆపారా? ఇంకా తవ్వించారు. అడుగున పడిన ఊట కొబ్బరినీళ్ళలా ఉంది. నువ్వు తాగి పెరిగింది ఆ నీళ్ళే. తవ్వేదేదో లోతుగా తవ్వండి. సంఘం పేరేమో మూడు తాలూకాలదీ, గొయ్యేమో మూడు మూరలదీ అయితే నలుగురూ నవ్విపోతారు.

ఇంతకీ ఎవర్రా ఈ సుబ్బమ్మ? నువ్వడిగావని ఇంటి నీళ్ళు ఇచ్చేయడమేంటి, ఆ మాటకి నీకు కాలు నిలవకపోవడమేంటి? వడ్లమూడి వాళ్ళు పిల్ల జాతకం పంపారు. పిల్ల ఎస్సెల్సీ పాసయింది, నెమ్మదస్తురాలు. నీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం. అడిగినదానికి జవాబు రాయి, అడగనిది తర్వాత రాద్దువుగాని.

దీవెనలతో,
అత్తయ్య దుర్గాంబ


బాపట్ల,
22 జనవరి 1967

అత్తయ్యకు,

బావి పూర్తయింది. చేతులు బొబ్బలెక్కి కలం పట్టుకోవడం కష్టంగా ఉంది, అయినా నీకు మొదట రాయాలని కూర్చున్నాను.

ఒక్కో తాలూకా జట్టు కొన్నాళ్ళు పనిచేసి తర్వాతి జట్టుకి అప్పగించి పోవాలని పెట్టాం. ఈ ఆలోచన నాదే. తెనాలి వాళ్ళు మొదట వచ్చి మూడు ఒరలు దింపారు. నీళ్ళు నిండుగా పడ్డాయి, ఇక చాలన్నారు. తర్వాత వచ్చిన రేపల్లె వాళ్ళు, మేమేం తక్కువ తిన్నామా అని నాలుగోది దింపారు. చివరగా వచ్చింది మా బాపట్ల జట్టు. కార్యదర్శి ఉన్న జట్టు నాలుగు దగ్గరే ఆగితే ఏం బాగుంటుంది? పైగా తాతయ్య నుయ్యి గురించి నువ్వు రాసింది మావాళ్ళందరికీ చదివి వినిపించాను. ఊరే నీళ్ళు ఒక పక్క తోడుతూనే ఐదో ఒర దింపాం. ఇంకా లోతు పోనా అని సుబ్బమ్మని అడిగితే "చదువుకున్నోళ్ళు, మీకు తెలవదా" అంది. నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. పాత దొరువులన్నీ ఇసకతో పూడ్చేశాం. లేకపోతే అలవాటు కొద్దీ మళ్ళీ అక్కడికే పోతారు.

ఒక సాయంత్రం వాళ్ళు వల ఒడ్డుకి లాగుతుంటే నేనూ తాడు పట్టాను. అక్కడో పద్ధతి ఉంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ ఆ రోజు చేపల్లో వాటా పెడతారు. ఊరివాడైనా, దారినపోయేవాడైనా సరే. నేను వద్దన్నాను. సుబ్బమ్మకి ఎంత కోపం వచ్చిందో. "వాటా వద్దంటే మా మనిషివి కాదనే గదా" అంది. ఎండబెట్టి దాస్తాను, ఎప్పుడొస్తే అప్పుడు పట్టుకుపొమ్మంది.

అసలు సంగతి ఇప్పుడు వస్తోంది. ఏప్రిల్లో ఢిల్లీలో చాలా దేశాల యువకులు కలిసి పెద్ద సభ పెడుతున్నారు. ఆకలి, నీళ్ళు, చదువు, ఇవీ అక్కడ మాట్లాడేవి. మన వైపు నుంచి ఎవరిని పిలవాలో చూడటానికి మార్చిలో ముగ్గురు మొగలితిప్ప వస్తారు. బావి చూశాక ఇంకెవర్ని పిలుస్తారు చెప్పు.

సుబ్బమ్మ ఎవరని అడిగావు. ఆమె గురించి ఉత్తరంలో రాస్తే సరిగ్గా రాదు. ఒక్కసారి చూస్తే నీకే తెలుస్తుంది. వడ్లమూడి సంగతి మాత్రం ఇప్పుడు ఎత్తకు.

నీ
ప్రకాశరావు


రేపల్లె,
3 ఫిబ్రవరి 1967

ప్రకాశానికి,

ఓట్ల జీపులు మా వీధిలో తిరిగి తిరిగి దుమ్ము అన్నంలో కూడా పడుతోంది. ఎవరు గెలిచినా ముందు ఈ రోడ్డు మీద నీళ్ళు చల్లించమని అడుగుతాను. అది పక్కన పెట్టు.

ఉత్తరంలో రాస్తే సరిగ్గా రానంత ఏముందిరా? నీ ఉత్తరాలు రెండూ ముందు పెట్టుకుని మీ మామయ్యని అడిగాను. "కుర్రతనం" అన్నాడు. ఆయన నలభై ఏళ్ళుగా ప్రతిదానికీ ఆ ఒక్క మాటే అంటాడు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఒక ఆడపిల్ల ఒకడి కోసం ఇంటి నీళ్ళు ఇచ్చింది, వాటా వద్దంటే అలిగింది, చేపలు ఎండబెట్టి దాచింది. దీన్ని ఏమంటారో తెలియనంత అమాయకురాలిని కాను.

వాళ్ళు మనవాళ్ళు కాదు అనే మాట నేను అనను. అనేవాళ్ళు మన ఇళ్ళలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ వంతు వాళ్ళకి ఉంచుతాను. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన దాన్ని, నా దగ్గర దాచకు. ఏం చేసినా దొంగచాటుగా మాత్రం చెయ్యకు.

అత్తయ్య


బాపట్ల,
5 మార్చి 1967

అత్తయ్యా,

కుశల ప్రశ్నలకి వ్యవధి లేదు, క్షమించు. 12వ తారీకు ఆదివారం పొద్దున్నే నాకు మీ కాలువ నీళ్ళు కావాలి. మీ రెండెడ్ల బండ్లు రెండూ కట్టించి, డ్రమ్ముల నిండా నీళ్ళు పోయించి మొగలితిప్ప పంపు. బావి పక్కన తాటాకుల పాక ఉంటుంది, డ్రమ్ములు అందులో దింపి, మీద గోనెలు కప్పి బండివాళ్ళు వెళ్ళిపోవాలి. ఎందుకని ఇప్పుడు అడగకు. ఎవరికీ చెప్పకు, నాన్నకి అసలే వద్దు. నా జీవితమంతా ఆ ఒక్క రోజు మీద ఉంది.

నువ్వు తప్ప నాకు ఇలాంటిది అడగదగ్గ మనిషి లేరు.

ప్రకాశం


తెనాలి,
15 మార్చి 1967

దుర్గాంబ అత్తయ్యగారికి,

క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. నీళ్ళు పాకలో దింపించమన్నాను. నువ్వు స్వయంగా బండి మీద కూర్చుని వచ్చావు. పట్టుచీర కట్టుకుని, పసుపుకుంకాల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వచ్చావు. బావి చూడటానికి వచ్చిన ఆ ముగ్గురు అతిథుల్ని తీసుకుని నేను వచ్చేసరికి పాలెం ఆడవాళ్ళంతా నీ బండి చుట్టూ ఉన్నారు. నువ్వు కొంగు దోపుకుని కడవల్లో నీళ్ళు పోస్తున్నావు. ఇదేంటని ఢిల్లీ ఆయన అడిగితే, "బావి ఉప్పుబడిపోయిందండి, పాపం తాగడానికి చుక్క లేదండి, అందుకని మా కాలువ నీళ్ళు తెచ్చానండి" అన్నావు.

ఆ మాట వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పాల్సింది ఆశీర్వాదం. వాడి వైపు చూశాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పేశాడు. గదిలో నా పక్కన పడుకునేవాడు.

అవును, బావి ఉప్పుబడింది. ఫిబ్రవరిలోనే మొదలైంది. మా కాలేజీలో నేలల పాఠం చెప్పే మాష్టారిని అడిగాను. సముద్రం పక్కన ఇసకలో వాన నీరు పైన తేలి ఉంటుందట, కిందంతా ఉప్పు నీరేనట. లోతుకి పోయి తోడితే ఆ ఉప్పు పైకొస్తుందట. క్లాసులో ఇది చెప్పిన రోజు నేను సమాఖ్య పని మీద తిరుగుతున్నాను. అతిథులకి ఆ ఒక్కరోజు మంచినీళ్ళు ఇచ్చి, ఢిల్లీ వెళ్ళొచ్చి, పెద్దవాళ్ళ సాయంతో అన్నీ సరిచేద్దామనుకున్నాను. అది నీకు తెలుసు. తెలిసే ఇలా చేశావు. వడ్లమూడి సంబంధం కాదన్నానని ఇంత కసి పెట్టుకుంటావనుకోలేదు.

నేను ఎవరితో చెప్పకుండా నిజాంపట్నం దాకా నడిచి బస్సెక్కాను. ఇక ఆ పాలెం వైపు పోను. మీరు దయచేసి ఈ ఉత్తరానికి జవాబు రాయకండి.

ప్రకాశరావు


రేపల్లె,
20 మార్చి 1967

ఒరేయ్ ప్రకాశం,

నన్ను "మీరు" అనేంత పెద్దవాడివి ఎప్పుడయ్యావు? జవాబు వద్దన్నావు. నేను రాస్తాను, చదవకపోతే పొయ్యిలో పెట్టుకో. మీ నాన్న ఎదుట మాత్రం చదవకు.

నాకేం తెలుసురా? ఏ ఉత్తరంలో రాశావు బావి ఉప్పుబడిందని? రహస్యంగా నీళ్ళు, ఆదివారం పొద్దున, నాన్నకి చెప్పకు, నా జీవితమంతా ఆ ఒక్క రోజు మీద ఉంది అని రాస్తే, నేనేం అనుకోవాలి? పెళ్ళి అనుకున్నాను. నువ్వు ఆ సుబ్బమ్మ మెడలో తాళి కడుతున్నావనీ, వంటకీ వడ్డనకీ నీళ్ళు లేవనీ అనుకున్నాను. దారి పొడుగునా ఏడ్చాను. నిన్ను తిట్టి వెనక్కి తీసుకురావాలా, అక్షింతలు వేసి రావాలా అని బండి దిగేదాకా తేల్చుకోలేదు. అందుకే ఆ పట్టుచీర, ఆ పసుపుకుంకాలు. చీరాల చీర కూడా ఒకటి పెట్టెలో పెట్టుకొచ్చాను, పెళ్ళికూతురికి. తిట్టడానికి పోయేదాన్ని చీర ఎందుకు తెచ్చానని అడగకు.

తెల్లారగానే దిగి "సుబ్బమ్మ అంటే ఎవరమ్మా" అని అడిగాను. బోసినోటితో ఒక ముసలామె ఎదురొచ్చింది. నాకన్నా పదేళ్ళు పెద్ద. సింగయ్య అనే కొడుకుని చూపించింది, వాడికి నీ వయసు కొడుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డ్రమ్ములు చూసి ఆమె అంది, "మంచినీళ్ళు తెచ్చావా తల్లీ, బావి ఉప్పుబడినకాడి నుంచి మైలు దూరం పోయి తెచ్చుకుంటన్నాం, అక్కడోళ్ళు కూడా ఇసుక్కుంటన్నారు" అని. ఆ మాట విన్నాక నీళ్ళకి గోనెలు కప్పి కూర్చునే మనిషినా నేను? నువ్వు జనవరిలో రాసిన ఆ ముగ్గురూ వీళ్ళేనని నాకు అప్పుడు తట్టలేదు. ఆ పెద్దమనిషి అడిగాడు, ఉన్నది చెప్పాను. ఉన్నది చెబితే నీ కొంప మునుగుతుందని తెలిస్తే ఏం చేసేదాన్నో, అది కూడా నిజంగా చెప్పలేను.

నువ్వు వెళ్ళిపోయాక జరిగింది కూడా విను. అతిథులు వెళ్ళారు. ఆశీర్వాదం ఆ బావి గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. వాడిని దొంగని చూసినట్టు చూడకు. సుబ్బమ్మ నా పక్కన కూలబడి ఒక సంగతి చెప్పింది. మొదట నీళ్ళు మారినప్పుడు చెంబుతో తెచ్చి నీకిచ్చి, రుచి చూడమందట. నువ్వు తాగి "బాగానే ఉంది" అన్నావట. "పిల్లోడి మొహం చూస్తే తెలిసిపోయిందమ్మా. ఇంకేం అడుగుతాం అని ఊరుకున్నా" అంది. ఆమెకి కోపం ఉందేమోనని చూశాను. "నీళ్ళు పోతే పోయాయి, మనిషి రాకపోతే ఎట్టా" అంది. నీ చేపల వాటా ఇంకా చూరుకి వేలాడుతూనే ఉంది. నాకు చూపించింది.

ప్రకాశం, లోతుగా తవ్వమని రాసింది నేను. తెనాలి, రేపల్లె నేలలు తప్ప వేరే నేల చూడనిదాన్ని, ఇక్కడ కూర్చుని నీకు పాఠం చెప్పాను. ఐదో ఒరలో ఒక చెయ్యి నాది. నా చెయ్యి నేను పెట్టాను, నువ్వు నీది పెట్టు.

అత్తయ్య


తెనాలి,
2 ఏప్రిల్ 1967

అత్తయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను. సుబ్బమ్మని నువ్వు పెళ్ళికూతురనుకున్నావని చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. నాన్న వచ్చి ఏంటని అడిగితే చెప్పలేదు. ఆమె ముసలిదని రాయాలన్న ఆలోచనే రాలేదు నాకు. రోజూ చూసే మనిషి గదా.

చెంబు సంగతి నిజం. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. మింగడం కష్టమైంది, అయినా ఆ మాట అన్నాను. నిద్రపోయే ముందు అదే గుర్తొస్తోంది, ఢిల్లీ కాదు.

కార్యదర్శి పదవి వదులుకుంటూ రాసిచ్చాను. ఢిల్లీకి ఆశీర్వాదాన్ని పిలిచారు. స్టేషనుకి వెళ్ళలేదు. వాడు రైలెక్కే ముందు మా ఇంటి గేటు దాకా వచ్చాడు, నేను లేనని చెప్పించాను. ఉన్నాను.

ఇప్పుడు మొగలితిప్ప పోయి నేనేం చెయ్యగలను? వానలు పడితేగానీ ఆ ఇసకలో ఉప్పు తగ్గదు. వానలకి ఇంకా ఎంతో ఉంది. ఉత్త చేతులతో పోయి వాళ్ళ మొహాలు చూడలేను. నన్ను పెంచినదానివి, నువ్వే చెప్పు.

ప్రకాశం


రేపల్లె,
9 ఏప్రిల్ 1967

ప్రకాశానికి,

చెప్పమన్నావు గనక చెబుతున్నాను. ఆ ఆదివారం నుంచి వారానికి రెండుసార్లు నా బండ్లు మొగలితిప్ప పోతున్నాయి. మీ మామయ్య మొదట ఎడ్లు పాడైపోతాయని సణిగాడు. ఇప్పుడు ఆయనే ముందు బండి మీద కూర్చుంటున్నాడు. మోకాలి నొప్పి ఏమైందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కానీ వేసవికి కాలువల్లో నీళ్ళు కట్టేసే రోజులు వచ్చాయి. ఇక ఊళ్ళ మంచినీళ్ళ చెరువులే దిక్కు. ఒక్క మా ఊరి చెరువు రెండు ఊళ్ళకి చాలదు. మా పెద్దలు మొన్న నన్ను పిలిచి అడగనే అడిగారు, ఎన్నాళ్ళమ్మా అని.

మూడు తాలూకాల్లో మీకు సంఘాలున్నాయి. ప్రతి ఊళ్ళో చెరువుంది, బండ్లున్నాయి, ఒరల పందెం వేసుకున్న కుర్రాళ్ళున్నారు. వాళ్ళకి తవ్వడమే వచ్చా, మొయ్యడం రాదా? వారానికో ఊరు వంతు వేసుకుంటే ఏ చెరువూ ఎండదు. ఈ పని నేను చెబితే ఎవరు వింటారు? రేపల్లెలో ఒక పెద్దమ్మ చాదస్తం అంటారు. నువ్వు పోయి అడగాలి. అడిగేటప్పుడు ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెప్పాలి, మొదటి నుంచి. పదవి లేదుగా, ఇప్పుడు చెప్పడం తేలిక.

ఉత్త చేతులంటావు. ఎడ్ల పగ్గం పట్టుకుంటే చేతులు నిండుతాయి.

అత్తయ్య


మొగలితిప్ప,
14 మే 1967

అత్తయ్యా,

ఈ ఉత్తరం సింగయ్య పడవ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే గాలిది తప్పు.

ఊరూరా తిరిగి చెప్పాను. మొదటి ఊళ్ళో సగం చెప్పి ఆపేశాను. మూడో ఊరు వచ్చేసరికి పూర్తిగా చెప్పడం వచ్చింది, చెంబు నీళ్ళు తాగి "బాగానే ఉంది" అన్నది కూడా. కొందరు నవ్వారు. రెండు సంఘాలు రామన్నాయి. మిగతావాళ్ళు వంతులు వేసుకున్నారు. నీ బండి వెనక ఇప్పుడు ఎవరి బండి వస్తోందో తెలుసా? నాలుగో ఒర దింపిన రేపల్లె వాళ్ళది. బావిని మేం కూడా కలిసే పాడుచేశాం గదా అన్నారు.

నేను వచ్చిన రోజు సుబ్బమ్మ నన్ను లోపలికి పిలిచింది. చూరు నుంచి తాటాకు బుట్ట దింపి చేతిలో పెట్టింది. నా వాటా. ఆ రాత్రి అందరం కలిసి అదే కూర వండుకున్నాం.

బావిలో పై ఒరలు ఊడబెరికి గొయ్యి ఇసకతో నింపేశాం. అడుగున ఉన్న ఐదోది రాలేదు, ఎంత లాగినా కదల్లేదు. అది అక్కడే ఉండిపోతుంది. దూరంగా దిబ్బ వాలున నడుం లోతు దాటకుండా కొత్త దొరువు తీశాం. ఈసారి కొలత వేసింది సింగయ్యా, పాలెం ఆడవాళ్ళూ. ఒడ్డున కూర్చుని మా మాష్టారు కూడా తల ఊపారు, సెలవుల్లో ఆయన్ని లాక్కొచ్చాను. పైకి తీసిన ఒరలు దొరువు చుట్టూ పేర్చాం, పశువులు దిగకుండా. దిగి ముంచుకునే పని లేకుండా పక్కన చెక్క గిలక పెట్టాం.

ఆశీర్వాదం ఢిల్లీ నుంచి రాశాడు. సభలో మన బావి ఎలా చెడిందో చెప్పాడట. కోప్పడతారనుకుంటే, చాలా దేశాల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి మా ఊళ్ళోనూ ఇలాంటిదే చేశాం అన్నారట. వాళ్ళలో ఒక్కరూ ఇంతకుముందు ఎక్కడా చెప్పుకోలేదట. నేను వాడికి జవాబు రాశాను. గేటు దగ్గర లేనని చెప్పించింది కూడా రాశాను.

మొన్న గాలివాన పడింది. మర్నాడు కొత్త దొరువులో నీళ్ళు ఊరాయి. పాలెమంతా చుట్టూ నిలబడింది. సుబ్బమ్మ నీళ్ళు తోడి అదే చెంబుతో నాకిచ్చింది. అందరికీ దాహంగా ఉందని నాకు తెలుసు. అత్తయ్యా, బాగున్నాయి అనడం ఎంత తేలికో. తాగి, ఇంకా ఉప్పుంది, ఈ నీళ్ళు వద్దు అన్నాను. పిల్లలు మొహాలు వేలాడేశారు. ఎవరో తిట్టారు కూడా. సుబ్బమ్మ మాత్రం చెంబు తీసుకుని, తనూ తాగి చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

నీ
ప్రకాశం


రేపల్లె,
11 జూన్ 1967

ప్రకాశానికి,

కార్డు చాలదని ఉత్తరమే రాస్తున్నాను. మృగశిర వచ్చింది, మా ఇంటి ముందు రెండు జల్లులు పడ్డాయి. మీ దిబ్బల మీద పడ్డాయో లేదో అని మీ మామయ్య రోజుకి నాలుగుసార్లు దక్షిణం వైపు మబ్బు చూస్తున్నాడు.

వడ్లమూడి వాళ్ళ పిల్లకి ఇంకెక్కడో కుదిరింది. పిల్లవాడు బ్యాంకులో పనట. నాకేం బాధ లేదు. పెట్టెలో చీరాల చీర మిగిలిపోయిందని చూసుకుని, మొన్న బండి మీద సుబ్బమ్మకే పంపాను. కట్టుకుందా? నీ పెళ్ళికూతురికని తెచ్చానని ఆమెకి చెప్పకు. లేకపోతే చెప్పు, కాస్త నవ్వుకుంటుంది.

ఈసారి నీళ్ళు ఊరినప్పుడు కూడా ఉన్నదే చెప్పు. ఉప్పగా ఉంటే బండ్లు ఆగవు. ఇంకో నెల మోద్దాం.

అత్తయ్య


మొగలితిప్ప,
16 జులై 1967

అత్తయ్యా,

చీర కట్టుకుంది. సంగతి చెప్పాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి, సింగయ్య వీపు నిమరాల్సి వచ్చింది. నన్ను ఇప్పుడు పాలెంలో ఆడపిల్లలంతా పెళ్ళికొడుకు అనే పిలుస్తున్నారు.

వానలు బాగా పడ్డాయి. నెలాఖరుకి బండ్లు ఆపెయ్యమని సంఘాలకి రాద్దామనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

నిన్న పొద్దున మళ్ళీ దొరువు దగ్గర అందరూ చేరారు. సుబ్బమ్మ నీళ్ళు తోడి చెంబు నా చేతికి ఇచ్చింది. కొంచెం కొంచెంగా తాగాను, తొందరపడలేదు. మన తెనాలి నుయ్యంత తియ్యగా లేవు. అయినా మంచినీళ్ళు. ఆ మాటే అన్నాను, మంచినీళ్ళే అని.

చెంబు ఆమెకి తిరిగి ఇవ్వబోయాను, పోయినసారిలా తనూ రుచి చూస్తుందని. ఆమె పుచ్చుకోలేదు అత్తయ్యా. ఒక్క క్షణం నా మొహం చూసి, గిలక లాగి కడవ నింపుకుని ఇంటికి నడిచింది.

నీ
ప్రకాశం